హన్మకొండ ఆసుపత్రికి సర్వర్ రాక్: 24 యూ సరిపోతుందా, ఇంకా పెద్దది తీసుకోవాలా?

హన్మకొండ_అడ్మిన్ · ఏప్రిల్ 9, ఉదయం 11:10

అందరికీ నమస్కారం. హన్మకొండలో ఒక ముప్పై పడకల ఆసుపత్రిలో కంప్యూటర్లు, నెట్‌వర్క్ నేనే చూసుకుంటాను. ఇన్నాళ్లూ మా స్విచ్‌లు రిసెప్షన్ వెనక చెక్క అల్మారాలో, పాత సర్వర్ ఒక బల్ల కింద నడిచాయి. కిందటి నెల స్కానింగ్ విభాగం కోసం రెండు రాక్ సర్వర్లు (ఇనుప చట్రంలో బిగించేవి) కొన్నారు. పెట్టడానికి చోటు లేక ఇంకా డబ్బాల్లోనే ఉన్నాయి.

మొత్తం సామాను ఇదీ (యూ అంటే రాక్‌లో ఎత్తు కొలత): 2 యూ సర్వర్లు రెండు, 24 పోర్టుల పీఓఈ (నెట్ కేబుల్‌లోనే కరెంటు కూడా ఇచ్చే) స్విచ్‌లు రెండు, ఫైర్‌వాల్, 32 కెమెరాల ఎన్‌వీఆర్ (కెమెరా రికార్డర్), 3 కేవీఏ ఆన్‌లైన్ యూపీఎస్. క్యాట్ 6 (నెట్‌వర్క్ కేబుల్) పాయింట్లు 45 దాకా వస్తాయి. మాకు సామాను ఇచ్చే ఆయన 24 యూ క్యాబినెట్‌కు కొటేషన్ ఇచ్చారు. 600 వెడల్పు, 800 లోతు, ముందు గాజు తలుపు, పైన నాలుగు ఫ్యాన్లు. కింది అంతస్తులో మెట్ల కింద గది ఖాళీగా ఉంది, అక్కడ పెట్టుకోమన్నారు.

స్కాన్ ఫోటో డాక్టర్ గారి స్క్రీన్ మీదికి రాకపోతే పేషెంట్ బయట బెంచీ మీద కూర్చొని ఎదురుచూస్తాడు. అందుకే ఒకసారి పెడితే పదేళ్లు చూసుకోనక్కర్లేకుండా పెట్టాలని ఉంది. వారంలో ఆర్డర్ ఇవ్వాలి, చాలా టెన్షన్‌గా ఉంది. పెద్దలు చెప్పండి.

రాక్_మేస్త్రి_వరంగల్ · ఏప్రిల్ 9, మధ్యాహ్నం 1:35

తమ్ముడూ, ముందు ఆ ఆర్డర్ ఆపు. 24 యూనా 36 యూనా అన్నది తర్వాత. నీకు దెబ్బ తగిలేది లోతు దగ్గర.

ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. క్యాబినెట్ వచ్చి, బిగించి, తీరా సర్వర్ ఎక్కిస్తే వెనక తలుపు మూసుకోని చోట్లు చాలా చూశాను. ఆ తలుపు తీసి గోడకు ఆనించి పెడతారు. అంతే, ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది, దుమ్ముకు, ఎలుకలకు దారి.

టేపు తీసుకొని సర్వర్ డబ్బా విప్పు. ముందు చెవుల (రాక్‌కు బిగించే రెండు అంచుల) దగ్గర నుంచి వెనక పవర్ సప్లై పిడి చివరిదాకా కొలువు. దానికి వెనక కేబుల్ వంపు కోసం 120 మి.మీ. కలుపు. ముందు పోస్టుకూ (పరికరాలు బిగించే నిలువు పట్టీకి) తలుపుకూ మధ్య 60, 70 మి.మీ. పోతుంది, అదీ కలుపు. రైల్ కిట్ (సర్వర్ జారే పట్టాలు) కాగితంలో ముందు పోస్టు నుంచి వెనక పోస్టు దాకా ఎంత దూరం ఉండాలో రాసి ఉంటుంది, అది కూడా చూసి ఇక్కడ పెట్టు.

సుబేదారి_స్టూడెంట్ · ఏప్రిల్ 9, సాయంత్రం 6:02

అన్నా, మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. యూ అంటే ఎంత? సెంటీమీటర్లలో చెప్పకుండా యూ అని ఎందుకంటారు?

రాక్_మేస్త్రి_వరంగల్ · ఏప్రిల్ 9, రాత్రి 8:20

అడగడమే మంచిది. ఒక యూ అంటే 44.45 మి.మీ., అంటే ఒకటీ ముప్పావు అంగుళం. ముందు పలక వెడల్పు 19 అంగుళాలు, 482.6 మి.మీ. ఈఐఏ 310 అనే ప్రమాణం ప్రకారం అన్ని కంపెనీలూ ఈ కొలతల్లోనే చేస్తాయి. అందుకే ఎవరి స్విచ్ అయినా ఎవరి రాక్‌లో అయినా కూర్చుంటుంది. సెంటీమీటర్లలో చెప్తే ఎన్ని పరికరాలు పడతాయో ప్రతిసారీ లెక్కేయాలి. యూలో చెప్తే కూడితే చాలు.

ఒక్క సంగతి గుర్తుపెట్టుకో, కొత్తవాళ్లంతా ఇక్కడే తప్పుతారు. పోస్టు మీద చదరపు రంధ్రాలు సమాన దూరంలో ఉన్నట్టు కనిపిస్తాయి, కానీ ఉండవు. ఒక యూకి మూడు రంధ్రాలు. వాటి మధ్య దూరం 15.9, మళ్లీ 15.9, ఆ తర్వాత 12.7 మి.మీ. ఆ దగ్గరగా ఉన్న రెండు రంధ్రాల నడుమే ఒక యూ అయిపోయి ఇంకో యూ మొదలవుతుంది. అది చూసుకోకుండా ఒక రంధ్రం పైన మొదలుపెడితే మొదటి స్విచ్ బాగానే కూర్చుంటుంది. ఐదోదో ఆరోదో దగ్గరికి వచ్చాక స్క్రూ పట్టదు, సగం యూ ఖాళీ మిగులుతుంది, మొత్తం విప్పాలి. మంచి క్యాబినెట్‌లో పోస్టు మీద అంకెలు అచ్చేసి ఉంటాయి. లేకపోతే మార్కర్‌తో నువ్వే గీసుకో.

కేజ్ నట్ (ఆ చదరపు రంధ్రంలో కూర్చునే నట్టు) స్క్రూడ్రైవర్‌తో ఎక్కించొద్దు. జారిందంటే చూపుడువేలు తెగుతుంది. దానికి చిన్న కొక్కెం పనిముట్టు ఉంటుంది, అదే వాడు.

హన్మకొండ_అడ్మిన్ · ఏప్రిల్ 10, ఉదయం 9:45

అన్నా, కొలిచాను. సర్వర్ 715 మి.మీ. వచ్చింది. మీరు చెప్పినట్టు 120, 70 కలిపితే 905. అంటే 800 లోతు క్యాబినెట్‌లో తలుపు పడే ప్రశ్నే లేదు! ఫోన్ చేసి అడిగితే 1000 లోతుది కూడా ఉంది, ఐదు వేలు ఎక్కువవుతుంది అన్నారు. అడగకపోతే చెప్పేవారే కాదు.

యూ లెక్క కూడా వేశాను. సర్వర్లు 4, స్విచ్‌లు 2, ప్యాచ్ ప్యానెళ్లు (పాయింట్ల కేబుళ్లు వచ్చి చేరే పలకలు) 2, కేబుల్ మేనేజర్లు 3, ఫైబర్ ఎల్ఐయూ (ఫైబర్ కేబుల్ వచ్చి చేరే పెట్టె) 1, ఫైర్‌వాల్ 1, ఎన్‌వీఆర్ 2, మానిటర్ కోసం ట్రే 1. మొత్తం 16. యూపీఎస్ 2, దాని బ్యాటరీ పెట్టె 3 కలిపితే 21. ఇంకా 3 యూ మిగులుతుంది కదా, 24 చాలదా?

కరీంనగర్_సర్వర్_రూమ్ · ఏప్రిల్ 10, మధ్యాహ్నం 12:15

చాలదు సార్. వచ్చే ఏడాది ఇంకో స్కానర్ వస్తే బ్యాకప్ కోసం ఒక స్టోరేజ్ పెట్టె వస్తుంది, అదే 2 యూ. కెమెరాలు పెరిగితే ఇంకో స్విచ్, ఇంకో ప్యానెల్. మూడో వంతు ఖాళీ ఉండేలా తీసుకోవాలి. 36 యూ తీసుకోండి. లోపల 1,600 మి.మీ. ఎత్తు వస్తుంది, పాదం, పైకప్పు కలిపి 1.8 మీటర్ల లోపే ఉంటుంది. 42 యూ అయితే రెండు మీటర్లు దాటుతుంది. ఏడడుగుల తలుపులో నిలువుగా పడుతుంది కానీ మెట్ల మలుపు దగ్గర తిప్పలేరు. ఆసుపత్రి లిఫ్ట్‌లో పడుకోబెట్టి తీసుకుపోదాం అనుకుంటారు, లిఫ్ట్ లోపలి లోతు కొలవకుండా ఆ మాట నమ్మొద్దు.

అసలు విషయం గాజు తలుపు. అది స్విచ్‌లు మాత్రమే ఉన్న చోట బాగుంటుంది. సర్వర్ ముందు నుంచి చల్లగాలి పీల్చి వెనక నుంచి వేడిగాలి వదులుతుంది. ముందు గాజు పెడితే ముక్కు మూసినట్టే. లోపలి వేడిగాలే తిరిగి తిరిగి మళ్లీ సర్వర్‌లోకి పోతుంది. పైన నాలుగు ఫ్యాన్లు ఎంత తిరిగినా దానికి చాలవు. ముందూ వెనకా జాలీ తలుపులు అడగండి, రంధ్రాల వైశాల్యం 70 శాతానికి తగ్గొద్దు.

ఖాళీగా ఉన్న యూల ముందు బ్లాంకింగ్ ప్యానెళ్లు తప్పనిసరిగా పెట్టండి. చవకైన ప్లాస్టిక్ ముక్కే, కానీ వెనక వేడి ముందుకు రాకుండా ఆపేది అదే. మా దగ్గర ఖాళీలు మూసిన రోజే సర్వర్ చూపించే లోపలి ఉష్ణోగ్రత నాలుగు డిగ్రీలు దిగింది. నేనే కాగితం మీద రాసి పెట్టుకున్నాను.

జమ్మికుంట_జిన్నింగ్ · ఏప్రిల్ 10, రాత్రి 9:30

కరీంనగర్ సార్ మాట అన్ని చోట్లా పనికిరాదు. నేను పత్తి మిల్లులో పని చేస్తాను. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా గాలి నిండా పత్తి నూగే. మొదట మాకూ జాలీ తలుపు క్యాబినెట్టే ఇచ్చారు. రెండు నెలలకే తూకం కంప్యూటర్ నెట్ ఆగి ఆగి రావడం మొదలైంది. స్విచ్ విప్పి చూస్తే ఫ్యాన్ ముందు నూగు అట్ట కట్టి ఉంది, వేలితో పట్టుకొని లాగితే చిన్న దూది పరుపులా మొత్తం ఒకేసారి ఊడి వచ్చింది. దాని వెనక రెక్క కూడా తిరగడం లేదు.

ఆ తర్వాత గాజు తలుపు క్యాబినెట్ తెచ్చి, పైనున్న ఫ్యాన్లు తీసేశాం. పైన ఫ్యాన్ బయటికి లాగుతుంటే ప్రతి సందులోంచీ దుమ్ము లోపలికి వస్తుంది. దానికి బదులు కింద ఫిల్టర్ పెట్టి, ఫ్యాన్‌తో గాలి లోపలికి ఊదిస్తున్నాం. లోపల ఒత్తిడి కొంచెం ఎక్కువగా ఉంటుంది కాబట్టి సందుల్లోంచి గాలి బయటికే పోతుంది. సీజన్‌లో ప్రతి సోమవారం ఫిల్టర్ కడుగుతాను. మూడు సీజన్లు గడిచాయి, స్విచ్ లోపల శుభ్రంగా ఉంది. సిరిసిల్ల మగ్గాల షెడ్డు అయినా, కరీంనగర్ గ్రానైట్ కోత అయినా ఇదే పద్ధతి.

కరీంనగర్_సర్వర్_రూమ్ · ఏప్రిల్ 11, ఉదయం 8:05

మిల్లు విషయంలో మీరు చెప్పిందే కరెక్ట్ అన్నా, ఒప్పుకుంటున్నాను. మీ దగ్గర రెండు స్విచ్‌లే కాబట్టి ఊదే గాలి చాలుతుంది. అదే సర్వర్లు కూడా ఉంటే, దుమ్మును చాలావరకు ఆపే ఐపీ 54 రకం మూసిన పెట్టెకు పక్కన ప్యానెల్ ఏసీ బిగించాల్సి వస్తుంది. ఆసుపత్రిలో తలుపు మూసిన ఏసీ గది ఉంటే జాలీయే మంచిది.

ఏసీ లెక్క కూడా చెప్తాను. సర్వర్లు బాగా పని చేసేటప్పుడు 700 వాట్లు అనుకుందాం. స్విచ్‌లు, ఫైర్‌వాల్, ఎన్‌వీఆర్, యూపీఎస్ నష్టం అన్నీ కలిపి ఇంకో 400. పీఓఈ కరెంటులో ఎక్కువ భాగం కెమెరాల దగ్గరే ఖర్చవుతుంది, గదిలో వేడి కాదు. మొత్తం 1,100 వాట్లు అంటే గంటకు సుమారు 3,750 బీటీయూ (వేడి కొలత). ఒక టన్ను ఏసీ 12,000 బీటీయూ లాగుతుంది. కాగితం మీద చాలా ఎక్కువే, కానీ మే నెల ఎండకు కాలిన గోడల వేడి కూడా దాని మీదే పడుతుంది. కాబట్టి ఒక టన్నువి రెండు పెట్టి, టైమర్‌తో ఆరేసి గంటలు మార్చి మార్చి నడపండి. ఒకటి ఆగిపోతే రెండోది ఉంటుంది. సర్వర్ పీల్చే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలని అష్రే (అమెరికా ఏసీ ఇంజినీర్ల సంఘం) చెప్తుంది. గదిని 16కి చల్లార్చి కరెంటు బిల్లు పెంచుకోనక్కర్లేదు.

ఏసీ మాత్రం రాక్ నెత్తి మీద పెట్టించొద్దు. డ్రెయిన్ పైపు మూసుకుపోయిన రోజు ఆ నీళ్లు నేరుగా సర్వర్ మీద పడతాయి.

రాక్_మేస్త్రి_వరంగల్ · ఏప్రిల్ 11, ఉదయం 10:40

ఇంతమందిమి రాశాం, ఆ మెట్ల కింద గది సంగతి మాత్రం ఎవరమూ ఎత్తలేదు. తమ్ముడూ, అది కింది అంతస్తు అన్నావు కదా. 2020 ఆగస్టులో నయీంనగర్ నాలా పొంగినప్పుడు, 2023 జులైలో హంటర్ రోడ్డు కాలనీలు మునిగి భద్రకాళి చెరువు కట్టకు గండి పడినప్పుడు నువ్వు ఊళ్లోనే ఉండి ఉంటావు. 2023లో ఒక షాపులో నడుం లోతు నీళ్లలోంచి రాక్ బయటికి తీశాను. పైన ఉన్న స్విచ్‌లు బతికాయి. కింద పెట్టిన యూపీఎస్, సర్వర్, బ్యాకప్ డిస్కులు అన్నీ బురదే. ఆ షాపాయన డిస్కులు చేతిలో పట్టుకొని చాలాసేపు అలాగే నిలబడ్డాడు. ఇప్పటికీ మరచిపోలేను.

మొదటి అంతస్తులో ఒక్క ఎనిమిది అడుగుల గది ఇవ్వమని మేనేజ్‌మెంట్‌ను అడుగు. పైన బాత్రూమ్ లేని గది చూడు. రాక్ ముందు నాలుగడుగులు, వెనక మూడడుగులు వదలాలి, లేకపోతే సర్వర్‌ను పట్టాల మీద బయటికి లాగలేవు. మెట్ల కింద అదెలాగూ కుదరదు, వంపు తలకు తగులుతుంది.

కాజీపేట_ఎలక్ట్రీషియన్ · ఏప్రిల్ 11, మధ్యాహ్నం 3:25

గది దొరికాక కరెంటు, ఎర్తింగ్ గురించి ఆలోచిద్దాం అనుకోకండి. ఇప్పుడే మల్టీమీటర్ తీసుకొని న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఎన్ని వోల్టులు వస్తున్నాయో చూడండి. రెండు వోల్టుల లోపు ఉండాలి. లిఫ్ట్ నడుస్తున్నప్పుడు ఒకసారి, ఆగినప్పుడు ఒకసారి చూడండి.

హన్మకొండ_అడ్మిన్ · ఏప్రిల్ 12, ఉదయం 10:15

సార్, లిఫ్ట్ ఆగి ఉన్నప్పుడు 3 వోల్టులు, నడుస్తుంటే 14! ఎక్స్‌రే తీసేటప్పుడు కూడా ఒక్క క్షణం ఎగురుతోంది. ఇది ప్రమాదమా?

కాజీపేట_ఎలక్ట్రీషియన్ · ఏప్రిల్ 12, మధ్యాహ్నం 2:50

ఎర్త్ వైరు పూర్తిగా తెగి ఉంటే ఇంకా చాలా ఎక్కువ చూపించేది. లోడు పడ్డప్పుడే పెరుగుతోందంటే మీ కంప్యూటర్ల న్యూట్రలూ ఆ పెద్ద మిషన్ల న్యూట్రలూ ఒకే సన్న వైరు మీద ఉన్నాయి. స్విచ్‌లు ఊరికే రీస్టార్ట్ కావడం, పోర్టులు కాలిపోవడం లాంటివి ఇలాంటి చోటే ఎక్కువ చూశాను. మెయిన్ ప్యానెల్ నుంచి రాక్ గదికి ప్రత్యేకంగా 6 చదరపు మి.మీ. రాగి వైరు లాగించండి. ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ మూడూ విడిగా. 25 ఆంప్స్ సీ కర్వ్ ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్), పక్కన సర్జ్ ప్రొటెక్టర్ (ఒక్కసారిగా ఎగిరే వోల్టేజీని ఆపేది).

ఎర్త్ గుంత విషయంలో మన దగ్గర ఒక ఇబ్బంది ఉంది. హన్మకొండ, కాజీపేట వైపు కొన్ని చోట్ల నాలుగైదు అడుగులకే బండ తగులుతుంది. తవ్వేవాళ్లు అక్కడితో ఆపి, ఉప్పూ బొగ్గూ పోసి మూసేస్తారు. వానాకాలం బాగానే ఉంటుంది, మార్చి దాటాక మన్ను ఎండి ఎర్తే ఉండదు. లోతుకు పోలేకపోతే రెండు మూడు గుంతలు దూరం దూరంగా తీసి, పట్టీతో కలపాలి. ఎండాకాలం వారానికోసారి నీళ్లు పోయించండి. ఒక ఓమ్ లోపు వస్తే సంతోషం. అది ఎర్త్ టెస్టర్‌తో చూడాలి, మల్టీమీటర్‌తో తేలదు. రాక్ బాడీకీ, రెండు తలుపులకూ, పక్క పలకలకూ పచ్చ-పసుపు వైరు విడివిడిగా బిగించాలి. పెయింట్ మీద బిగిస్తే ఎర్త్ అందదు, కింద గీకాలి.

రాక్ లోపల మన మామూలు 6 ఆంప్స్ ప్లగ్గుల పీడీయూ (పరికరాలకు కరెంటు పంచే సాకెట్ల పట్టీ) వద్దు. నాలుగు నెలలకు వదులై నిప్పురవ్వలు వస్తాయి. సీ13 (కంప్యూటర్ పవర్ కేబుల్ రకం) సాకెట్లున్న నిలువు పీడీయూలు రెండు పెట్టండి. సర్వర్‌కు రెండు పవర్ సప్లైలు ఉంటాయి కదా, ఒకటి యూపీఎస్ పీడీయూకి, రెండోది సర్జ్ ప్రొటెక్టర్ మీదుగా వచ్చే మెయిన్స్ పీడీయూకి. యూపీఎస్ చెడిపోయిన రోజు కూడా సర్వర్ ఆగదు.

మంథని_కేబుల్ · ఏప్రిల్ 12, రాత్రి 10:10

బ్యాటరీల సంగతి నేను చెప్తాను. వాటిని రాక్‌లో పెట్టొద్దు. 3 కేవీఏకి 42 ఏహెచ్ బ్యాటరీలు ఎనిమిది అనుకున్నా వంద కిలోలు దాటుతుంది. బరువు కన్నా వేడి ఇంకా చెడ్డది. 25 డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీలకూ లెడ్ బ్యాటరీ ఆయుష్షు సగానికి పడిపోతుంది. మా ఓఎల్టీ (ఇళ్లకు ఫైబర్ నెట్ పంచే పరికరం) పెట్టె రోడ్డు పక్కన స్తంభానికి ఉంటుంది. మొదట్లో బ్యాటరీ అందులోనే పెడితే ఒక్క ఎండాకాలంలో ఉబ్బింది. పెట్టె మీద నాలుగు అంగుళాల ఎడంతో ఇంకో రేకు కప్పు వేసి, తెల్ల పెయింట్ కొట్టి, బ్యాటరీ కింద నీడలో విడిగా పెట్టాక ఆ బాధ తప్పింది.

రాక్_మేస్త్రి_వరంగల్ · ఏప్రిల్ 13, ఉదయం 7:50

మంథని తమ్ముడు చెప్పింది రోడ్డు మీది పెట్టెకు నిజం. 25 డిగ్రీల ఏసీ గదిలో సీల్డ్ బ్యాటరీ పెట్టె రాక్ అడుగున ఉంటే తప్పు లేదు, కంపెనీలే అలా తయారు చేస్తాయి. అయినా హన్మకొండ తమ్ముడికి విడిగా స్టాండ్ మీదే పెట్టమని చెప్తాను. బ్యాటరీలు మార్చే రోజు సర్వర్ల కింద చేతులు పెట్టి లాగే పని ఉండదు. రాక్‌లో అడుగున యూపీఎస్, దాని మీద సర్వర్లు, పైన స్విచ్‌లు, ప్యానెళ్లు. బరువు ఎప్పుడూ కిందే.

ఇంకొకటి. కేబుల్ లోపలికి వచ్చే రంధ్రాలకు బ్రష్ పట్టీ పెట్టించు. బల్లి పీడీయూలో దూరి షార్ట్ అయిన కేసు చూశాను. కేబుళ్లు ప్లాస్టిక్ టైలతో బిగించి నొక్కొద్దు, వెల్క్రో పట్టీలు కట్టు.

హన్మకొండ_అడ్మిన్ · జూన్ 3, సాయంత్రం 5:30

అన్నలందరికీ, సార్లకూ నమస్కారం. ఆలస్యంగా రాస్తున్నాను, పని పూర్తయ్యాకే రాయాలనుకున్నాను.

మొదటి అంతస్తులో పాత రికార్డుల గది ఇచ్చారు. మేనేజ్‌మెంట్‌కు కొటేషన్లు చూపించలేదు, 2023 వాన నీళ్లు మా పార్కింగ్ గోడ మీద వదిలిన మరక చూపించాను. ఐదు నిమిషాల్లో ఒప్పుకున్నారు. 36 యూ, 600 వెడల్పు, 1000 లోతు, రెండు వైపులా జాలీ తలుపులు తీసుకున్నాం. వెనక తలుపు మూసినప్పుడు సర్వర్ కేబుళ్లకూ జాలీకీ మధ్య నాలుగు వేళ్లు పట్టాయి.

రంధ్రాల దగ్గర మేస్త్రి అన్న మాట గుర్తుంచుకొని ముందే మార్కర్‌తో అంకెలు వేశాను. అయినా ఎన్‌వీఆర్ దగ్గర ఒక రంధ్రం తప్పాను. అక్కడే ఆగి విప్పాను కాబట్టి సరిపోయింది.

ప్రత్యేక లైను లాగాక న్యూట్రల్, ఎర్త్ మధ్య లిఫ్ట్ నడుస్తున్నా 0.8 వోల్టులే. ఎర్త్ గుంత తవ్వితే నిజంగానే ఐదడుగులకు బండ తగిలింది. మూడు గుంతలు తీసి కలిపారు. నీళ్లు పోసే పని తోటమాలి మల్లెచెట్ల డ్యూటీలో కలిపేశాను.

మే ఎండల్లో ఒక మధ్యాహ్నం ఒక ఏసీ ఆగింది, రెండోది అందుకుంది. సర్వర్ ముందు 24 డిగ్రీలు దాటలేదు. స్కానింగ్ వాళ్లకు తెలియను కూడా తెలియలేదు.

ఒక్క సందేహం మిగిలింది. 45 ప్యాచ్ కేబుళ్లకు (ప్యానెల్ నుంచి స్విచ్‌కు వెళ్లే చిన్న తీగలకు) లేబుళ్లు పేపర్ స్టిక్కర్లతో పెట్టాను, అప్పుడే రెండు ఊడిపోయాయి. మీరేం వాడతారు?

రాక్_మేస్త్రి_వరంగల్ · జూన్ 3, రాత్రి 8:45

శభాష్ తమ్ముడూ. లేబుల్ కేబుల్ చుట్టూ తిరిగి దాని మీదే అది అతుక్కునే రకం తీసుకో, పైన పారదర్శకమైన తోక ఉంటుంది. రెండు చివరలా ఒకే నంబరు వెయ్యి. గది పేర్లు రాయొద్దు, ఆసుపత్రిలో గదులు మారుతూనే ఉంటాయి. నంబర్ల పట్టిక ప్రింట్ తీసి, లామినేషన్ చేయించి తలుపు లోపలి వైపు అతికించు.

హన్మకొండ_అడ్మిన్ · జూన్ 4, ఉదయం 9:20

సరే అన్నా, ఈ ఆదివారం ఓపీ ఉండదు, ఆ పనే పెట్టుకుంటాను. కాగానే ఫోటో పెడతాను.